కెనడా పోయిన క్యాసెట్టు

"తాతా, పొద్దున ఆ పిల్లోళ్ళ బంతి అంత పైకి లేస్తే నువ్వు దాన్ని చూడను కూడా చూడకుండా వెనక్కి తిరిగి నాలుగడుగులేసి చెయ్యి చాపితివి. అది వచ్చి సరిగ్గా నీ చేతిలో పడింది. ఎవురు నేర్పించినారు నీకు?"

ఎవురు నేర్పించినారంటే, కూచ్చో చెప్తా. మీ నాయన ఈ మాట ఎప్పుడూ అడగలేదు. నా తమ్ముని కొడుకే గానీ వానికి బంతికీ బత్తాయికీ తేడా తెలీదు. నువ్వు అడిగినావు కాబట్టి చెప్తాండా.

నాకు నేర్పించినాయన కెనడా ఆయన. పేరు డగ్. మేమంతా డగ్గు సారు అంటాంటిమి. కెనడా ఆయన ఈ ఓబులేసు తాతకు యాడ దొరికినాడంటావా, దోహాలో దొరికినాడు. మనూర్లో అందరూ నేను దుబాయ్‌లో పని చేసినానంటారు గదా, నేను దుబాయ్ మొగం చూళ్ళేదు. ఖతార్లో ఉంటి. ఇరవై ఏండ్లు చెప్పినా మీ అవ్వకు అది దుబాయే. చచ్చేదాకా దుబాయే అనింది పాపం. ఆమెకు సముద్రానికి అవతల ఉండేది ఒకటే ఊరు.

దోహాలోనే అల్ హిలాల్ పేటలో ఒక అరబ్బాయన ఇంట్లో హౌస్ డ్రైవర్‌ని. ఆయనకు నలుగురు పిల్లోళ్ళు. వాళ్ళను అబూ హమూర్ పక్క ఇంగ్లీషు స్కూలుకు తీసకపోయి, తీసుకొచ్చేది నా డ్యూటీ. కువైట్ యుద్ధం అయిపోయిన రెండు మూడేండ్లకు అనుకో. తొంభై మూడో, తొంభై నాలుగో. మీ పెదనాయన పెండ్లి అయిన ఏడు. కాదు, పెండ్లి సంబంధం తప్పిపోయిన ఏడు. పెండ్లి ఆ తర్వాత సంవత్సరం.

హౌస్ డ్రైవర్ పనంటే బండి తోలడం అనుకుంటావు. కాదు, కాచుకోవడం. బండి తోలేది గంట, కాచుకునేది ఆరు గంటలు. మేడమ్ బజారుకు పోతే బజారు బయట, బాబా, అంటే ఇంటి యజమాని, మగోళ్ళు కూడే మజ్లిస్‌కు పోతే మజ్లిస్ బయట. స్కూలు కాడైతే పన్నెండుకే పోయి నిలబడాల, లేకుంటే గేటు దగ్గర జాగా దొరకదు. పిల్లోళ్ళు ఒకటిన్నరకు వస్తారు. ఆ గంటన్నర మేమంతా స్కూలు గోడ నీడలో కూచ్చుంటాంటిమి. దోహాలో ఏ ఇంట్లో ఏ మేడమ్ అలిగిందో, ఏ బాబా కొత్త బండి కొన్నాడో, ఆ గోడ కిందికి రాని సంగతి లేదు. నేను చెప్పేది తక్కువ. వినేవాణ్ణి అంతే. ఆ నవ్వెందుకు?

ఆడ నా పక్కన ఇద్దరు. ఒకడు మనూరి సుబ్బన్నే. ఇప్పుడు చూస్తాండావు గదా, అప్పుడూ అంతే లావు. సుబ్బన్న ఉరకడం ఎవురూ చూళ్ళేదు. జీతమిచ్చే రోజు కూడా నడిచే పోతాడు. ఇంకొకాయన కోనసీమ ఆయన, రత్నం. బండి ఆగకముందే ఆయన సెంటు వచ్చి మా పక్కన కూచ్చుంటాది. 'అండి' లేకుండా ఆయన నోట్లో మాట రాదు. ఒకసారి మా ముందర కుక్కను కూడా 'అవతలకెళ్ళండి' అన్నాడు.

ఒకరోజు గోడ అవతల నుంచి ఠక్కుమని చప్పుడు. రోంత సేపుంటే మళ్ళీ ఠక్. లేచి చూస్తే స్కూలు ఇసక మైదానంలో ఒక తెల్లాయన ఒక్కడే నిలబడి ఉండాడు. ఆరడుగుల పైన మనిషి, మెడ మాత్రం ఇటిక రంగు. చేతిలో సన్నగా పొడుగ్గా ఒక బ్యాటు, రోకలి మాదిరి. ఎడమ చేత్తో బంతి రోంత ఎగరేసి, ఆ రోకలితో ఆకాశంలోకి కొట్టేది. అది ఎంత దూరమో పోయి పడేది. ఈయనే నడుచుకుంటా పోయి తెచ్చుకునేది. మళ్ళీ కొట్టేది. ఆ ఎండలో.

"పాపం, ఇంట్లో ఏమైనా గొడవేమోనండీ," అన్నాడు రత్నం.

"ఒక్కడే ఆడుకుంటే గొడవుండదు," అన్నాడు సుబ్బన్న. వానికప్పుడే పెండ్లయి మూడేండ్లు.

స్కూలుకు కొత్తగా వచ్చిన ఆటల సారంట. చిన్న పిల్లోళ్ళకు బేస్‌బాల్ నేర్పిస్తాడంట. వాళ్ళు ఏడెనిమిదేండ్లోళ్ళు, బంతి పైకి లేస్తే కండ్లు మూసుకుంటారు. వాళ్ళకు పైబంతి కొట్టలేడు. చెయ్యి ఊరుకోక ఖాళీ టైములో ఒంటరిగా కొట్టుకుంటాండాడు.

మూడో రోజో నాలుగో రోజో బంతి గోడ దాటి వచ్చి రత్నం బండి బానెట్ మీద పడింది. డగ్గు సారు గోడ మీద నుంచి తలకాయ పెట్టి సారీ సారీ అన్నాడు. బంతి తీసి విసిరేద్దామని నేను లేస్తే, వద్దని చెయ్యి ఊపి, గేటులో నుంచి లోపలికి రమ్మన్నాడు. ముగ్గురం పోతిమి. ఒక్కోనికి తోలుతో చేసిన పెద్ద గ్లౌజు ఒకటి ఇచ్చినాడు, ఎడమ చేతికి. దూరంగా పోయి నిలబడమన్నాడు. కొడతా, పట్టుకోండి అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి గోడ నీడ పోయి ఎండ వచ్చింది మా బతుకుల్లో.

ఆయన కథంతా నాకు ఒకరోజు చెప్పింది కాదు. చలికాలమంతా ముక్కలు ముక్కలుగా చెప్పినాడు. ఆయనకు మన భాష రాదు, నాకు ఆయన ఇంగ్లీషు సగమే తెలుస్తాది. మిగతాది అరబ్బీ, రోంత హిందీ, మిగిలింది చేతులు. అయినా నేను తప్పుగా అర్థం చేసుకున్నది లేదు. ఒకటో రెండో ఉంటే ఉండొచ్చు.

వాళ్ళ నాయన గోధుమ రైతు. మన పక్క మాదిరి పక్కపక్కన ఇండ్లు కాదు, పక్కిల్లంటే చూపు మేరలో ఉండదు. ఆడుకోడానికి ఎవురూ లేరు. ఈయన ఏం చేసేవాడంటే, ధాన్యం కొట్టం రేకుల మీదికి బంతి విసిరేవాడు. అది కప్పెక్కి అవతలి పక్క దొర్లిపడేలోపల కొట్టం చుట్టూ ఉరికిపోయి పట్టుకునేవాడు. రోజంతా ఇదే. వాళ్ళమ్మ అన్నానికి పిలిచి పిలిచి, చివరికి తట్ట తీసుకొచ్చి కొట్టం కాడనే పెట్టేదంట. అమ్మలు ఏ దేశంలోనైనా ఒకటే, తిట్టి పెట్టేదే.

పద్దెనిమిదేండ్లకు ఒక టీమోళ్ళు చూసి తీసకపోయినారు. జీతమిచ్చి ఆడించుకునే టీము. ఈయన నిలబడేది దూరంగా, మన క్రికెట్లో బౌండరీ కాడ నిలబడతారు చూడు, అట్ల. నడిమధ్యన. పైకి లేచిన ప్రతి బంతీ ఈయనదే. చిన్న చిన్న ఊర్ల టీముల్లో బస్సుల్లో తిరిగి తిరిగి పదేండ్లు ఆడినాడు. కాదు, తొమ్మిదేండ్లు. పదో ఏడు పైటీము నుంచి పిలుపొచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే తాలూకా ఆఫీసు గుమస్తాను ఢిల్లీకి పిలిచినట్టు. ఒక్క ఎండాకాలం ఆడినాడు ఆడ. ఒక ఎండాకాలం కూడా పూర్తిగా కాదు. ఒకరోజు వెనక్కి ఉరుకుతా ఉరుకుతా బంతి పట్టి, ఆ ఊపుతోనే పోయి గోడకు కొట్టుకున్నాడు. కుడి భుజం పోయింది. చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు.

"బంతి?" అంటి నేను.

"పట్టినా," అన్నాడు.

అట్ల చెప్పినాడు చూడు, భుజం సంగతి వేరేవాళ్ళది అన్నట్టు.

ఇంక ఆడలేకపోతే నేర్పించే పని ఇచ్చినారు. కోచ్. దూరంగా నిలబడే పిల్లోళ్ళకు నేర్పించాల. ఈడ వచ్చింది తంటా. ఈయనకు ఆట వచ్చు గానీ, ఎట్ల వచ్చో తెలీదు. "ఎట్ల పట్టాల సార్?" అంటే "బంతి యాడ పడుతుందో ఆడికి పో" అనేవాడంట. అంతకంటే చెప్పలేడు. అంత గొప్ప ఆటగాడు, అంత పనికిరాని కోచ్ ఇంకొకడు లేడని పేరు పడిపోయింది. రెండేండ్లు చూసి పంపించేసినారు. భార్య ఆడ నర్సు, ఒక కూతురు. ఇంట్లో ఊరికే కూచ్చోలేక, ఎవురో చెప్తే దోహా వచ్చి పిల్లోళ్ళకు ఆటలు నేర్పిస్తాండాడు. మళ్ళీ ఆ పనికి, ఆ కోచ్ పనికే, తిరిగి పోవాలని ఆయన కోరిక. వేరే పని ఏదిచ్చినా వద్దు. యాడ పనికిరావని పంపించినారో ఆడికే పోవాల. అర్థమైందా? అది మొండితనం కాదు, పాపా. నాకు మొండితనం తెలుసు, మీ అవ్వతో నలభై ఏండ్లు కాపురం చేసినా.

మాకు కూడా మొదట అదే పాఠం. "ఆడికి పో." యాడికి పోతాం? పైన చూస్తే ఎండ, కింద చూస్తే ఇసక. రత్నం బంతి కోసం కుడికి పోతే అది ఎడమకు పడేది. "ఇదేంటండీ బాబూ, నేనెక్కడికెళ్తే అక్కడ్నుంచి పారిపోతందండీ," అనేవాడు. సుబ్బన్న కదిలేవాడే కాదు. "నేను ఈడుండా. బంతికి పని ఉంటే అదే వస్తాది," అనేవాడు. మొదటి నెలంతా మేం పట్టిన బంతులు ఏడెనిమిది ఉంటే ఎక్కువ. డగ్గు సారు అరిచింది లేదు. గ్లౌజు తీసి నెత్తిన పెట్టుకొని నిలబడేవాడు అంతే.

ఒకరోజు నేనే ధైర్యం చేసి అడిగినా. "సార్, బంతి లేచీ లేవకముందే మీరు ఉరికిపోతారు. మీకెట్ల తెలుస్తాది?" ఆయన చెప్పబోయినాడు. ఇట్ల చెయ్యి ఊపినాడు, అట్ల ఊపినాడు. పైకి చూపించినాడు. సరిగ్గా అప్పుడే గోడ అవతల రోడ్డు మీద ఒక బండి మలుపు తిరిగింది. నేను తల తిప్పకుండానే "సుబ్బా, మీ బాబా జీఎంసీ బండి వస్తాండాది, ఇంజన్లో ఆ టప్పెట్టు చప్పుడు ఇంకా బాగు చేయించలేదా?" అంటి.

డగ్గు సారు గోడ కాడికి పోయి చూసినాడు. జీఎంసీనే.

"ఎట్ల తెలిసింది?" అన్నాడు.

"చప్పుడు సార్. ఏ బండి, ఎంత దూరం, వచ్చేదా పోయేదా, అన్నీ చప్పుడే చెప్తాది. డ్రైవర్లకు చెవులే గదా."

అది నేను తెలివికి చెప్పింది కాదు. ఏదో చెప్పినా. ఆయన పోయి బంతుల సంచి మీద కూచ్చున్నాడు. పిల్లోళ్ళు వచ్చే టైమయింది, గంట కొట్టినారు, అయినా లేవలేదు. చివరికి "కప్పు," అన్నాడు. "రేకుల కప్పు."

చిన్నప్పుడు కొట్టం ఈ పక్కన నిలబడితే అవతల బంతి కనబడదు గదా. రేకుల మీద దొర్లే చప్పుడు విని, యాడ జారుతుందో తెలుసుకొని ఉరికేవాడు. ఎన్నో ఏండ్లు చెవులతో ఆడినాడు ఆ మనిషి. కండ్లతో ఆడతాండానని అనుకున్నాడు. తానేం చేస్తాండాడో తనకే తెలీక ఇంకొకరికి చెప్పలేకపోయినాడు.

తెల్లారి నుంచి పాఠం మారింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి, వీపు తన పక్కకు తిప్పమన్నాడు. "ఇస్మా," అన్నాడు. ఇస్మా అంటే అరబ్బీలో విను అని. ఆయన కొట్టేది, మేం చూడకుండా ఏ పక్కకో, దగ్గరో దూరమో చేత్తో చూపించేది. అంతే, ఉరికేది లేదు. దబ్బుమని మెత్తగా వస్తే దగ్గర. పలక పగిలినట్టు ఠక్కుమంటే దూరం. గోటితో గీరినట్టుంటే పక్కకు పోయింది. నెలరోజులు ఇదే. తర్వాత చప్పుడుకు ఒక అడుగు. ఆ తర్వాత రెండు. బంతిని ఆఖర్న చూడమన్నాడు, చెయ్యి చాపేటప్పుడు. సుబ్బన్న కదిలినాడమ్మా. ఆ రోజు నేను చూసినా కాబట్టి చెప్తాండా, లేకుంటే నేనూ నమ్మను. మూడు నెలలు పోయేసరికి మేం ఆరుగురం డ్రైవర్లం, కొట్టినవి కొట్టినట్టు పట్టేస్తాంటిమి. మిగతా ముగ్గురూ రాయచోటి పక్కోళ్ళు. వాళ్ళు మంచోళ్ళు, వాళ్ళ మీద చెప్పడానికేమీ లేదు.

అప్పుడొచ్చింది ఉత్తరం. ఆయనతో పాటు బస్సుల్లో తిరిగిన పాత జతగాడు ఆడ ఒక చిన్న టీముకు పెద్ద అయినాడు. దూరంగా నిలబడే పిల్లోళ్ళకు నేర్పించే మనిషి కావాల. ముగ్గురిని అనుకున్నాడు, అందులో మన సారు ఒకడు. అయితే మన సారు పేరు చెప్తే పైవాళ్ళు ముక్కు విరుస్తాండారు, ఆ పాత పేరుంది గదా. అందుకని, నువ్వు నేర్పించేది వీడియో తీసి క్యాసెట్టు పంపు, చూపించి ఒప్పిస్తానన్నాడు. ఇదొక్కటే దారి అని కూడా రాసినాడు. సారు ఆ ముక్క నాకు రెండుసార్లు చదివి చెప్పినాడు.

చిన్న పిల్లోళ్ళను చూపిస్తే ఏం లాభం. మమ్మల్నే తీస్తానన్నాడు. స్కూలుకు సెలవు పెట్టి కెనడా పోయే టీచరమ్మ ఒకామె ఉంది, శనివారం ఆమె విమానం. క్యాసెట్టు ఆమె చేతికివ్వాల. శుక్రవారం పొద్దున ఒక్కటే మాకు సందు, జుమ్మా నమాజుకు ముందు. వీడియోకు సలీం భాయ్‌ని నేనే కుదిర్చినా. హైదరాబాదు పాతబస్తీ మనిషి, దోహాలో పెండ్లిళ్ళు తీసేవాడు. ఆయన తీసిన పెండ్లి క్యాసెట్టులో ఏడ్వని పెండ్లికూతురు లేదు. ఏడుపు రాకుంటే వచ్చేదాకా మొహం మీద నుంచి కెమెరా తీయడు.

సారు ఆయనకు బాగా చెప్పినాడు. నన్ను తియ్యి, బంతిని తియ్యి, అని.

"ఓకే సర్. నో ప్రాబ్లమ్. మీరు ఫికర్ చెయ్యొద్దు," అన్నాడు సలీం భాయ్.

ఇప్పుడు నువ్వొకటి తెలుసుకోవాల. ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేయాలంటే రియాళ్ళు నీళ్ళ మాదిరి పోతాంటాయి. అందుకని గల్ఫులో మేం క్యాసెట్లు పంపుకుంటాంటిమి. ఊరికి పోయేవాని చేతికిస్తే ఇంట్లో అందరూ కూచ్చొని వింటారు, చూస్తారు. క్యాసెట్టులో కనబడాలంటే ఉన్నదాంట్లో మంచి గుడ్డలేసుకోవాల. మొదట పెద్దోళ్ళకు నమస్కారం చెప్పాల. బాగుండామని చెప్పాల. ఆ తర్వాతే ఏదైనా. ఇది ఎవురూ రాసిపెట్టింది కాదు, అదొక మర్యాద. మళ్ళీ ఇది ఒకాయన ఉద్యోగానికి పొయ్యే క్యాసెట్టు. పాస్‌పోర్టు ఫోటోకే కోటు అద్దెకు తీసుకొనే మనుషులం, ఉద్యోగమంటే ఎట్ల పోతాం?

శుక్రవారం పొద్దున ఏడుకు మైదానానికి పోతే, సుబ్బన్న వాళ్ళక్క పెండ్లికి కుట్టించిన సఫారీ సూటులో ఉండాడు. గుండీలు ఊపిరి బిగబట్టి ఉండాయి. రత్నం తెల్లచొక్కా, టై, నల్లద్దాలు. టై వాళ్ళ బాబా ఆఫీసులో ఎవురిదో. రాయచోటోళ్ళు ముగ్గురూ ఒకే రకం చొక్కాలు. నేను సాదాగానే పోయినా. కొత్త బూట్లు, అంతే. గడియారం చొక్కా చెయ్యి మీద పెట్టుకున్నానని సుబ్బన్న చెప్తాడు, నమ్మొద్దు.

డగ్గు సారు నిక్కరు, పాత టోపీతో వచ్చినాడు. మమ్మల్ని వరసగా చూసినాడు. సుబ్బన్న కాడ రోంత సేపు ఆగినాడు.

"ఏంది ఓబ్, ఇది?"

"వీడియో సార్. మీ ఉద్యోగం గదా."

ఆయన ఆకాశం పక్క చూసినాడు, గడియారం చూసినాడు. పోయి బట్టలు మార్చుకొని రమ్మనడానికి టైము లేదు. "యల్లా," అన్నాడు, ఇంక పదండి అని.

సలీం భాయ్ మొదట అందరినీ ఒక్కొక్కరిని నిలబెట్టినాడు. "మియా, జర నవ్వు మొహం పెట్టు. ఇంటోళ్ళకు సలాం చెప్పు." సుబ్బన్న చెప్పినాడు, "మా, నేను సుబ్బన్నను. బాగుండా. బర్రె ఈనిందా? ఈ సూటు అక్క పెండ్లిదే, ఇప్పుడు రోంత బిగువైంది." రత్నం, "నమస్కారమండీ నాన్నగారూ. నాకిక్కడ చాలా బాగుందండీ. ఈ టై నాదేనండీ," అన్నాడు. నేను రెండు మాటలు చెప్పినా. సారు ఇదంతా ఆటకు ముందు ఏదో ప్రార్థన అనుకున్నాడంట, టోపీ తీసి పట్టుకున్నాడు.

తర్వాత ఆడితిమి. ఆ రోజు ఆడినట్టు మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. ఒక్క బంతి జారలేదు. సూట్లు, టైలు, బూట్లు, అయినా సరే, ఠక్కుమంటే వీపు తిప్పి ఉరకడమే. రత్నం టై భుజం మీదికి పోయి జెండా మాదిరి ఎగిరింది. సలీం భాయ్ మాతో పాటు ఉరుకుతా తీసినాడు. ఆ దేశం టీవీకి వేరే రకం క్యాసెట్టు కావాలంట, అది కూడా చేసిచ్చినాడు. శనివారం పొద్దున టీచరమ్మ చేతికిచ్చేటప్పటికి సారు చూసుకోడానికి పది నిమిషాలు కూడా దొరకలేదు.

సోమవారం మధ్యాహ్నం సలీం భాయ్ దుకాణంలో అందరం కూచ్చొని, ఆయన కాడ మిగిలిన క్యాసెట్టు వేసినాము. మొదట ఒక గులాబీ పువ్వు విచ్చుకునింది. ఆ పువ్వులో నుంచి సుబ్బన్న వచ్చినాడు. తర్వాత రత్నం, చుట్టూ నక్షత్రాలు. నా రెండు మాటలు వచ్చినాయి. అవి అందరి మాటలంత పొడుగు ఉండాయని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఆట. ఠక్ అని చప్పుడు, సుబ్బన్న మొహం. ఠక్, రత్నం మొహం. రత్నం కండ్లు, రత్నం బూట్లు. మళ్ళీ సుబ్బన్న మొహం. బంతి ఆఖర్న యాడ నుంచో వచ్చి చేతిలో పడతాది. అంతసేపూ సారు లేడు.

క్యాసెట్టు అయిపోయింది.

"నేనెక్కడ?" అన్నాడు సారు.

"ఉన్నరు సర్," అని సలీం భాయ్ వెనక్కి తిప్పి ఆపి, టీవీ మీద వేలు పెట్టి చూపించినాడు. "ఇగో. ఈ మోచేయి మీదే."

ఆ మోచేతిని ఆయన శానాసేపు చూసినాడు. మేం తలకాయలు కిందికేసుకున్నాము. ఆయన ఉద్యోగం పోగొట్టింది మేమే గదా. భార్య కాడికి, కూతురి కాడికి తలెత్తుకొని పొయ్యే దారి ఒకటుంటే, దాంట్లో మేం నిలబడి బర్రె సంగతి అడిగినాము. ఆయన లేచి, సలీం భాయ్ భుజం తట్టి, "షుక్రన్," అని అరబ్బీలో థాంక్స్ చెప్పి పోయినాడు.

నేనాయన గురించి ఎన్ని చెప్పినా, అన్నింటికంటే నాకు గుర్తుండేది మరుసటి రోజు. పన్నెండుకు మేం గోడ కాడ దాక్కున్నట్టు కూచ్చుంటే, లోపల నుంచి ఠక్. మళ్ళీ ఠక్. పోతే, సంచి, గ్లౌజులు, అంతా సిద్ధంగా ఉండాయి. ఒక్క మాట అనలేదు. మొహం చిట్లించలేదు. "ఎడమ కాలు లేటుగా తీస్తాండావు, సుబ్," అన్నాడు. మేము క్యాసెట్టులో చూసింది మా గుడ్డలు. ఆయన ఆ అవమానంలో కూడా సుబ్బన్న ఎడమ కాలు చూసినాడు.

నెలరోజులు ఉత్తరం లేదు. సుబ్బన్న బాధపడి మధ్యాహ్నం అన్నం మానేసినాడు. పొద్దున, సాయంత్రం తింటాంటాడు. రత్నం ఆ పెద్దాయనకు క్షమాపణ ఉత్తరం రాస్తానని రెండు పేజీలు రాసినాడు, 'మహారాజశ్రీ' దాటి ముందుకు పోలేదు. నేను మాత్రం గోడ కింద ఎవురి సంగతీ మాట్లాడలేదు. చెప్తే నమ్మవు గానీ ఆ నెల దోహాలో ఎవురింట్లో ఏం జరిగిందో నాకు తెలీదు.

అప్పుడొకరోజు సారు మైదానంలోకి పోకుండా గేటు దాటి బయటికి వచ్చి, మా మధ్యన ఆ నేల మీద కూచ్చున్నాడు. ఉత్తరం తీసి మెల్లగా చదివినాడు. నాకు తెలిసినంత చెప్తా.

మూడు క్యాసెట్లు వచ్చినాయంట. మిగతా రెండిట్లో కోచ్ మాట్లాడతానే ఉంటాడు, ఆటగాళ్ళ వీపులు కనబడతాయి, బంతి లేచినాక ఎవురు ఎట్ల కదిలినారో తెలీదు. నీ దాంట్లో ఒక మోచేయి తప్ప నువ్వే లేవు, అని రాసినాడు. పెండ్లి క్యాసెట్టు తప్పిపోయి వచ్చిందని తీసేయబోయినాము. ఇంతలో బ్యాటు చప్పుడైంది. ఆ సూటు లావాయన కండ్లు చూడు. చప్పుడుకు కండ్లు, కండ్లతో పాటే కాలు. బంతి ఎవురికీ కనబడకముందే ఆ మనిషి అది పడే చోటికి పోతాండాడు. పైకి చూళ్ళేదు. ఆ టై ఆయనా అంతే. ఆరుగురూ అంతే. మేం వెనక్కి తిప్పి తిప్పి పదిసార్లు చూసినాము. చిన్నప్పటి నుంచి ఆడే మావాళ్ళకు ఆ మొదటి అడుగు రాదు. వాళ్ళు డ్రైవర్లని క్యాసెట్టుతో పంపిన చీటీలో రాసినావు. నీ మోచేతికి ఉద్యోగం ఇచ్చినాము, మిగతా మనిషిని కూడా వెంట పెట్టుకొని రా.

సారు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుబ్బన్న లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, ఆయన చెయ్యి పట్టుకొని రెండు చేతులతో ఊపినాడు. పోయిన భుజం అదే. ఆయన పండ్లు కొరుక్కొని నవ్వినాడు గానీ చెయ్యి తీసుకోలేదు. సలీం భాయ్ మాత్రం ఈ రోజుకీ చెప్పుకుంటాంటాడంట, కెనడా వాళ్ళు నా కెమెరా చూసే ఉద్యోగమిచ్చినారని. అది అబద్ధమని నేనెట్లా అంటా?

— మళ్ళీ ఎప్పుడైనా కనబడినాడా తాతా?

లేదమ్మా. పోయినాక మూడు నాలుగు ఉత్తరాలు రాసినాడు. ఆ టీములో శానా ఏండ్లు చేసినాడు. ఆయన చేతి కింద నేర్చుకున్న పిల్లోళ్ళు పైటీములకు పోయినారంట, ఈయన ఒక ఎండాకాలం ఉన్న చోట వాళ్ళు ఏండ్లకేండ్లు నిలబడినారంట. అది రాసేటప్పుడు కూడా తన గురించి ఒక్క ముక్క రాయలేదు, వాళ్ళ కాళ్ళ గురించే రాసినాడు.

ఆఖరి ఉత్తరంలో ఒకటి రాసినాడు. ప్రతి ఏడూ టీముకు కొత్తగా వచ్చే పిల్లోళ్ళకు మొదటి రోజు ఆ క్యాసెట్టే వేస్తాడంట, గులాబీ పువ్వు నుంచి. వాళ్ళంతా పద్దెనిమిది, పంతొమ్మిదేండ్లోళ్ళు, మొదటిసారి ఇల్లు వదిలి వచ్చినోళ్ళు. వాళ్ళు అడుగుతారంట, ఆటకు ముందు వీళ్ళు కెమెరాతో ఏం చెప్తాండారు, అది కూడా నేర్చుకోవాల్నా, అని. అవును, అంటాడంట ఈయన. "బాగుండామని ఇంట్లోవాళ్ళకు చెప్తాండారు. మొదట అది. ఆ తర్వాతే బంతి." ఆ మాటకు ఆ పిల్లోళ్ళు లేచి పోయి ఫోన్ కాడ వరస కడతారంట, ఒకరి తర్వాత ఒకరు. అందరూ మాట్లాడి వచ్చేదాకా ఆయన బ్యాటు పట్టుకొని మైదానంలో కాచుకొని నిలబడతాడంట. కాచుకోవడం ఆయన మా కాడే నేర్చుకున్నాడేమో.

సరేలే, పొద్దుపోతాండాది. నువ్వు చల్లగా ఉండు తల్లీ. నీకూ అట్లాంటి మనిషొకడు దొరకాల, నీ గుడ్డలు కాదు, నీ కాలు చూసేవాడు... ఇంతకూ మీ అమ్మకు ఫోన్ చేసినావా, ఈడికి వచ్చి చేరినానని? చెయ్యి, చెయ్యి. నేనెక్కడికీ పోను, ఈడనే కూచ్చుంటా...